వాన చప్పుడుకి గుండె దడ... వీఆర్ కళ్లద్దాలు ఆపగలవా?

వరదలోనో, యాక్సిడెంట్‌లోనో ఒంటికి ఏమీ కాకపోవచ్చు. మనసు మాత్రం అక్కడే ఆగిపోతుంది. దాన్ని మెల్లగా ఇవతలికి తీసుకురావడానికి వర్చువల్ రియాలిటీ, బయోఫీడ్‌బ్యాక్ సాయం తీసుకుంటున్నారు డాక్టర్లు. ఇవి ఎలా పనిచేస్తాయి? ఏన్కూరు లాంటి ఊళ్లో ఉన్నవాళ్లకు అందులో పనికొచ్చేదెంత?

మబ్బు పట్టిందంటే చాలు, అతనికి అరచేతులు చెమటలు పడతాయి.

ఊరు ఏన్కూరు అనుకుందాం. ఖమ్మం జిల్లా అంచున ఉంటుంది. అటు జూలూరుపాడు వైపు వెళ్తే భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, అడవి దారి. మన కుర్రాడు ఖమ్మంలో డిగ్రీ చదువుతున్నాడు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. మున్నేరు పక్క కాలనీలో ఫ్రెండ్ రూమ్‌లో ఉన్నాడు. చూస్తుండగానే నీళ్లు గడప దాటాయి, మంచం ముంచాయి, కిటికీ దాకా వచ్చాయి. డాబా ఎక్కి, తడిసిన బట్టలతో గంటల తరబడి కూర్చున్నాడు. సర్టిఫికెట్లు పోయాయి, బైక్ పోయింది. ఒంటి మీద మాత్రం గీత కూడా పడలేదు.

‘‘బతికి బయటపడ్డావ్, ఇంకేం కావాల్రా?’’ అన్నారు అందరూ. నిజమే కదా అనుకున్నాడు.

కానీ ఇప్పటికీ రాత్రిపూట రేకుల మీద వాన చప్పుడు వినపడితే లేచి కూర్చుంటాడు. బస్సు చప్టా దాటుతుంటే కళ్లు గట్టిగా మూసుకుంటాడు. ముసురు పట్టిన రోజు కాలేజీకి డుమ్మా. నాయనమ్మేమో ‘‘పిల్లోడు దడుసుకున్నాడు’’ అని తాయెత్తు కట్టించింది. ఫ్రెండ్సేమో ‘‘ఓవర్ చేయకు మావా’’ అని నవ్వేశారు.

ఈ కుర్రాడు మనం ఊహించుకున్నవాడే. ఆ వరద మాత్రం నిజం. ఆ రోజు ఖమ్మం దగ్గర మున్నేరు 36 అడుగుల మట్టానికి చేరింది. అక్కడ ప్రమాద సూచిక 24 అడుగులే. ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకుపోయిన 9 మందిని సుభాన్ ఖాన్ అనే డ్రైవర్ జేసీబీతో వెళ్లి తీసుకొచ్చిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. అంతకు రెండేళ్ల ముందు, 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే ఇచ్చేస్తారు.

నీళ్లు దిగాక ఇళ్లు ఎన్ని కూలాయి, పంట ఎంత పోయిందని లెక్క రాస్తారు. మనసులో ఏం కూలిందో రాసుకునే రిజిస్టర్ ఎక్కడా ఉండదు.

దడుపుకి ఇంకో పేరుంది

పెద్ద ప్రమాదం జరిగాక కొన్ని రోజులు నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం ఎవరికైనా మామూలే. చాలామందికి కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది. నెల దాటినా తగ్గకుండా చదువుకో, పనికో, ఇంట్లోవాళ్లతో ఉండటానికో అడ్డం పడుతుంటే అప్పుడు డాక్టర్లు ‘పీటీఎస్‌డీ’ అనే మాట వాడతారు. పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అన్నమాట. అమెరికా సైకియాట్రిస్టుల జబ్బుల జాబితాలోకి ఈ పేరు ఎక్కింది 1980లో. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల అవస్థలు చూశాక.

దీని లక్షణాలు నాలుగు రకాలు. పిలవకుండానే ఆ దృశ్యం కళ్ల ముందుకు రావడం, కలల్లోకి రావడం ఒకటి. దాన్ని గుర్తుచేసే చోటుకి, మనుషులకి దూరంగా తిరగడం రెండోది. ‘తప్పంతా నాదే’, ‘ఇక నాకేం బాగుండదు’ అనే ఆలోచనలు మూడోది. ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఒళ్లు బిగుసుకుపోయి ఉండటం, ఊరికే కోపం రావడం నాలుగోది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు 70 శాతం మందికి జీవితంలో ఒకసారైనా ఇలాంటి భయంకరమైన అనుభవం ఎదురవుతుంది. వాళ్లలో పీటీఎస్‌డీ దాకా వెళ్లేది 5.6 శాతమే. అంటే ఎక్కువమంది తమంతట తామే తేరుకుంటారు. కాబట్టి ఉలిక్కిపడిన ప్రతి ఒక్కరికీ జబ్బు ఉన్నట్టు కాదు. అలాగని ఆ మిగిలిన కొద్దిమందికి ‘ధైర్యంగా ఉండు’ అనే మాట సరిపోదు. వాళ్లు పిరికివాళ్లు అయ్యీ కాదు, ఓవర్ చేస్తున్నారనీ కాదు.

ఇందులో పెద్ద చిక్కు ఆ రెండో లక్షణంతోనే. మన కుర్రాడు వాన రోజు బస్సు ఎక్కలేదనుకోండి. ఆ పూటకి హాయి. కానీ మెదడు నేర్చుకునే పాఠం వేరు. ‘వాగు దగ్గరికి వెళ్లలేదు కాబట్టే బతికాం’ అని రాసుకుంటుంది. తర్వాతిసారి భయం ఇంకో మెట్టు ఎక్కుతుంది. మొదట వాగు, తర్వాత వాన, ఆ తర్వాత మబ్బు. తప్పించుకున్న ప్రతిసారీ భయానికి మేత వేసినట్టే.

నడుముకి బెండు కట్టి...

ఊళ్లలో బావిలో ఈత ఎలా నేర్పుతారో గుర్తుందా? నడుముకి బెండు కట్టి, తాడు కొస ఒకరు పట్టుకుని నీళ్లలోకి దించుతారు. మునగడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటాడు, నీళ్లు మింగుతాడు, కాసేపటికి ఒళ్లు తేలిక పడుతుంది. ‘చావలేదు’ అని శరీరానికే తెలుస్తుంది.

పీటీఎస్‌డీకి బాగా పేరున్న చికిత్సల్లో ఒకదాని పద్ధతి కూడా ఇదే. పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన సైకాలజిస్ట్ ఎడ్నా ఫోవా దీనికి ఓ రూపం ఇచ్చారు. ‘ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్’ అంటారు. థెరపిస్ట్ పక్కన ఉండగా కళ్లు మూసుకుని ఆ రోజు జరిగింది మొదటి నుంచి చివరి దాకా చెప్పాలి. మళ్లీ చెప్పాలి. వారం వారం చెప్పాలి. చెప్పగా చెప్పగా ఆ జ్ఞాపకంలో కాటు తగ్గుతుంది. జరిగింది మర్చిపోరు. ‘అది అప్పుడు, ఇది ఇప్పుడు’ అని మెదడు వేరు చేసుకుంటుంది.

అయితే కొందరికి ఆ దృశ్యం ఊహించుకోవడమే చేతకాదు. మనసు తలుపు మూసేస్తుంది. మాటలు వస్తాయి గానీ లోపల ఏమీ కదలదు. వర్చువల్ రియాలిటీ రంగంలోకి దిగింది ఇక్కడే.

హెలికాప్టర్ చప్పుడు నుంచి డీజిల్ వాసన దాకా

వీఆర్ అంటే గేమింగ్ అనుకుంటాం గానీ భయాల మీద దీన్ని వాడటం 30 ఏళ్ల కిందటే మొదలైంది. సైకాలజిస్ట్ బార్బరా రోత్‌బామ్, కంప్యూటర్ శాస్త్రవేత్త లారీ హాడ్జెస్ అట్లాంటాలో కలిసి పనిచేశారు. ఎత్తంటే భయపడేవాళ్లకి హెడ్‌సెట్ పెట్టి గాజు లిఫ్టులు, వంతెనలు చూపించిన వాళ్ల అధ్యయనం 1995లో అచ్చయింది. ఆ తర్వాత ‘వర్చువల్ వియత్నాం’ తయారు చేశారు. కళ్ల ముందు అడవి, నెత్తిమీద హెలికాప్టర్ రొద. కళ్లు మూసుకుని ఊహించుకోలేని మాజీ సైనికుడికి ఆ రొద వినగానే జ్ఞాపకం కదిలేది.

2001 సెప్టెంబర్ 11 తర్వాత న్యూయార్క్‌లో జోఆన్ డిఫెడే, హంటర్ హాఫ్‌మన్ కలిసి వరల్డ్ ట్రేడ్ సెంటర్ దృశ్యాన్ని వీఆర్‌లో కట్టారు. ఆ దాడి నుంచి బయటపడిన 26 ఏళ్ల యువతికి మామూలు ఎక్స్‌పోజర్ థెరపీ పనిచేయలేదు. ఆమెకు గంటసేపు చొప్పున 6 సెషన్లు ఇచ్చారు. మొదట విమానం ఊరికే అలా ఎగిరిపోతుంది. తర్వాత భవనాన్ని తాకుతుంది గానీ చప్పుడు ఉండదు. ఆ తర్వాతే పేలుడు, అరుపులు. ఒక్కో మెట్టూ ఆమె తట్టుకోగలిగాకే తర్వాతది. చివరికి ఆమె లక్షణాలు బాగా తగ్గాయని 2002లో ప్రకటించారు. ఒక్క మనిషి అనుభవమే అయినా ఎందరో పరిశోధకులకు దారి చూపింది.

సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఆల్బర్ట్ రిజ్జో బృందం తయారు చేసిన ‘బ్రేవ్‌మైండ్’ ఇంకా ముందుకు వెళ్లింది. ఇరాక్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన సైనికుల కోసం చేసింది ఇది. కింద నేల అదురుతుంది, డీజిల్ కాలిన వాసన కూడా వస్తుంది. పగలు రాత్రి చేయడం, చప్పుడు పెంచడం, తగ్గించడం అన్నీ థెరపిస్ట్ చేతిలో ఉంటాయి. ఆ అదుపు ఉండబట్టే దాన్ని చికిత్స అంటున్నాం. లేకపోతే అది హారర్ గేమ్.

గుండె మాట వినిపించే మీటర్

వీఆర్ బయట నుంచి పనిచేస్తే, బయోఫీడ్‌బ్యాక్ లోపలి కబురు చెబుతుంది.

భయం వేసినప్పుడు గుండె దడదడలాడుతుంది, వేళ్ల చివర చెమ్మ వస్తుంది, ఊపిరి పైపైన ఆడుతుంది. ఇవన్నీ మన చేతిలో లేవనుకుంటాం. వేలికి ఓ సెన్సర్, నడుముకి ఓ బెల్టు పెట్టి ఈ మార్పుల్ని స్క్రీన్ మీద గీతలాగా చూపిస్తే? ‘ఇలా ఊపిరి వదిలితే గీత కిందికి దిగుతోందే!’ అని కళ్లారా చూస్తాం. చూసింది నేర్చుకుంటాం. బయోఫీడ్‌బ్యాక్ అంటే ఇంతే.

ఇందులో ఊపిరే తాళంచెవి. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మీ మణికట్టు మీద నాడి పట్టుకుని చూడండి, కొందరికి తేడా తెలిసిపోతుంది. ఊపిరిని నిమిషానికి దాదాపు 6 సార్లకు తగ్గిస్తే ఈ ఎత్తుపల్లాలు పెద్దవవుతాయి. మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి తన పని గట్టిగా చేస్తుందన్నమాట. ‘ప్రమాదం లేదు, శాంతించు’ అని ఒంటికి చెప్పే నాడి అదే.

మన ప్రాణాయామం ఇదే కదా అంటారా? దగ్గరి చుట్టమే. ఊపిరితో ఒంటిని అదుపు చేయడాన్ని మీటర్ పెట్టి కొలిచిన తొలితరం ప్రయోగాల్లో మనవీ ఉన్నాయి. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన బి.కె.ఆనంద్ బృందం రామానంద యోగిని గాలి చొరబడని పెట్టెలో కూర్చోబెట్టి, ఆయన ఆక్సిజన్ వాడకం ఎలా తగ్గుతోందో కొలిచి ప్రచురించింది.

ఈ రెంటినీ కలిపితే ఎలా ఉంటుందో చెప్పడానికి ‘డీప్’ అనే గేమ్ మంచి ఉదాహరణ. ఐర్లాండ్‌కి చెందిన ఓవెన్ హారిస్, నెదర్లాండ్స్‌కి చెందిన నికీ స్మిట్ తయారు చేశారు. హెడ్‌సెట్ పెట్టుకుంటే సముద్రం అడుగున ఉంటారు. చేతిలో జాయ్‌స్టిక్ ఉండదు. నడుముకి కట్టిన బెల్టు మీ ఊపిరిని కొలుస్తుంది. నిదానంగా, కడుపు నిండా పీలిస్తే తేలుతూ ముందుకు వెళ్తారు. ఆందోళన ఎక్కువగా ఉండే పిల్లల మీద దీని ప్రభావం ఎంతో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీ పరిశోధించింది. నీళ్లంటే వణికిపోయేవాడికి నీళ్లలోనే ఊపిరి నేర్పడం! వినడానికి బాగుంది కదా.

అసలు సంగతి ఇక్కడుంది

అయితే హెడ్‌సెట్ కొనేస్తే సరిపోతుందా? ఆగండి.

అమెరికాలో పీటీఎస్‌డీ ఉన్న 162 మంది సైనికుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. కొందరికి వీఆర్‌తో చికిత్స, కొందరికి కళ్లు మూసుకుని చెప్పించే పాత పద్ధతి, ఇంకొందరిని కొన్నాళ్లు వెయిటింగ్‌లో ఉంచారు. చికిత్స అందిన రెండు గుంపులూ వెయిటింగ్ వాళ్లకన్నా బాగా కోలుకున్నాయి. కానీ వీఆర్ గుంపు పాత పద్ధతిని మించలేదు. పైగా 3 నెలలు, 6 నెలల తర్వాత చూస్తే పాత పద్ధతి వాళ్లే కాస్త మెరుగ్గా ఉన్నారు.

దీనర్థం వీఆర్ దండగ అని కాదు. ఊహించుకోలేనివాళ్లకి, ‘కూర్చుని చెప్పడమా, నావల్ల కాదు’ అనే కుర్రకారుకి అది తలుపు తీస్తుంది. కానీ బావి దగ్గర ఈత గుర్తు తెచ్చుకోండి. వీఆర్ బెండు లాంటిది. ఒడ్డున తాడు పట్టుకుని నిలబడే మనిషి థెరపిస్ట్. బెండు లేకుండా ఈత నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. తాడు పట్టేవాళ్లు లేకుండా బావిలో దిగితేనే ప్రమాదం.

మనకు కరువైంది ఆ మనిషే. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి కాబట్టి ఏన్కూరు వాళ్లకి ఇప్పుడు రెండు వైపులా పెద్దాసుపత్రులు ఉన్నాయి. కానీ వారం వారం బస్సెక్కి వెళ్లి, గంటసేపు కూర్చుని, మళ్లీ మళ్లీ చెప్పుకునే చికిత్స ఇది. కూలి పోగొట్టుకుని, ఇంట్లో ఏం చెప్పాలో తెలియక, ‘పిచ్చి డాక్టర్ దగ్గరికా?’ అనే మాట పడి ఎంతమంది వెళ్లగలరు?

రెండో కరువు దృశ్యం. బ్రేవ్‌మైండ్‌లో ఉన్నది ఇరాక్ రోడ్డు. మనకు కావాల్సింది ఎర్రటి వాగు నీళ్లు, రేకుల మీద చినుకు, కరెంటు పోయిన చీకట్లో కప్పల బెకబెక, దూరంగా ఎవరో పేరు పెట్టి పిలుస్తున్న తెలుగు గొంతు. ఎర్రజెండా పాతిన చప్టా. కోయ గూడెంలో ఉండే అమ్మాయికి కోయ భాషలో మాట వినపడాలి. తండాలో అబ్బాయికి లంబాడీలో. ఇది అమెరికా నుంచి దిగుమతి చేసుకునే సరుకు కాదు. గేమ్ డిజైన్, యానిమేషన్ నేర్చుకుంటున్న మన పిల్లలు, మన సైకాలజిస్టులు పక్కపక్కన కూర్చుని చేయాల్సిన పని. చదివేవాళ్లలో ఎవరైనా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోసం వెతుకుతుంటే... ఆలోచించండి.

అప్పటిదాకా మీ ఫోన్ ఏం చేయగలదు?

సగం సామాను మీ జేబులోనే ఉంది.

నాడి మీటర్: కెమెరా, ఫ్లాష్ మీద వేలు పెడితే గుండె రేటు చెప్పే యాప్‌లు ఉన్నాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలిలో రక్తం పెరుగుతుంది, తగ్గుతుంది. వెలుతురులో ఆ తేడాని కెమెరా పట్టుకుంటుంది. స్మార్ట్‌వాచ్ వెనక వెలిగే లైటు చేసే పనీ ఇదే. ఆస్పత్రి మెషిన్ అంత కచ్చితం కాదు, ప్రాక్టీస్‌కి చాలు.

4-6 ఊపిరి: 4 లెక్కపెడుతూ ముక్కుతో పీల్చండి. 6 లెక్కపెడుతూ వదలండి. మొత్తం 10 సెకన్లు, అంటే నిమిషానికి 6 సార్లు. మొదలుపెట్టే ముందు, 5 నిమిషాల తర్వాత నాడి చూసుకోండి. భయం వేసిన రోజే కాదు, మామూలు రోజుల్లోనే అలవాటు చేసుకోండి. వరదొచ్చాక ఈత నేర్చుకోలేం కదా. తల తిరిగితే ఆపేయండి.

టెట్రిస్ సంగతి: ఆక్స్‌ఫర్డ్ ఆస్పత్రిలో రోడ్డు ప్రమాదం నుంచి వచ్చిన 71 మందిపై చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ప్రమాదం జరిగిన 6 గంటల్లోపు దాన్ని ఒకసారి గుర్తు తెప్పించి, తర్వాత టెట్రిస్ ఆడించిన వాళ్లకి మొదటి వారంలో ఆ దృశ్యాలు తక్కువగా గుర్తొచ్చాయి. ఇటుకలు పేర్చే పనిలో పడ్డ మెదడుకి భయం బొమ్మను గట్టిగా అచ్చేసుకునే తీరిక ఉండదని వాళ్ల ఆలోచన. ఇది చిన్న అధ్యయనమే, చికిత్సకి బదులు కాదు.

ఇవి మాత్రం వద్దు: ధైర్యం వస్తుందని ఒంటరిగా కూర్చుని వరద వీడియోలు, యాక్సిడెంట్ వీడియోలు 360 డిగ్రీల్లో చూడొద్దు. తాడు పట్టేవాళ్లు లేకుండా బావిలో దూకడమే అది. మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా హెడ్‌సెట్ పెట్టుకోవద్దు. గుండె రేటు, నిద్ర వివరాలు తీసుకునే యాప్ వాటిని ఎవరికి ఇస్తోందో చూడకుండా ‘అలో’ నొక్కొద్దు.

మనిషి కావాలంటే: టెలీ మానస్ నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. బస్సెక్కక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఒంటరిగా ఉండొద్దు. వెంటనే ఈ నంబర్‌కి చేసి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

ఫ్రెండ్‌కి జరిగితే: ఏం జరిగిందో చెప్పమని బలవంతపెట్టొద్దు. చెబుతుంటే మధ్యలో ఆపొద్దు. ‘ఇంకా దాని గురించేనా’ అనొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి సమయాలకి చెప్పే మూడు పనులు చాలా సింపుల్. గమనించు, విను, సాయం దొరికే చోటుకి చేర్చు.

మళ్లీ మన కుర్రాడి దగ్గరికి వద్దాం. నాయనమ్మ కట్టిన తాయెత్తు తీసేయక్కర్లేదు. ‘నా మనవడికి ఏదో అయింది’ అని ఆ ఇంట్లో మొదట కనిపెట్టింది ఆమే. దానికి తోడు ఒక ఫోన్ కాల్, వారానికోసారి ఓపిగ్గా వినే ఒక మనిషి, రోజుకి 5 నిమిషాల ఊపిరి చేరితే చాలు, మొదలుపెట్టడానికి.

ఏదో ఒక జులైలో ముసురు పడుతుంది. బస్సు చప్టా మీదికి వస్తుంది. గుండె దడ మొదలవుతుంది. మొదలవనివ్వండి. వేలు కెమెరా మీద, కళ్లు కిటికీ మీద. నాలుగు లెక్కపెట్టి పీల్చు, ఆరు లెక్కపెట్టి వదులు. పక్క సీట్లో ఫ్రెండ్ ‘‘ఓవర్ చేయకు మావా’’ అనడు. ‘‘ఉన్నాలే, చూడు’’ అంటాడు.

ఈసారి కళ్లు మూసుకోకుండా వాగు దాటుతాడు.